బొట్టు పెట్టని పిలుపు

మొన్న ఏప్రిల్‌లో నేను స్టేక్‌హోల్డర్‌నయ్యాను. నాకు తెలియకుండానే.

మా మేనల్లుడు హైదరాబాద్ శివార్లలో ఇంజనీరింగ్ చివరి ఏడు చదువుతున్నాడు. సెలవులకు మా మణుగూరు వచ్చాడు. వెంట ముగ్గురు స్నేహితులు, చంకలో స్పైరల్ బైండింగ్ చేసిన ప్రాజెక్టు పుస్తకం. వచ్చీ రాగానే నా చేతిలో పెన్ను పెట్టాడు.

'మామా, ఇక్కడ సంతకం పెట్టు.'

'దేనికిరా?'

'నువ్వు మా స్టేక్‌హోల్డర్‌వి.'

గుండె గుభేలుమంది. అప్పు పత్రమేమో అనుకున్నాను. తీరా చూస్తే అభిప్రాయ పత్రం. 'గోదావరి వరద హెచ్చరిక యాప్‌ను వాడి చూశాను. చాలా సులువుగా ఉంది. మా గ్రామ ప్రజలకు ఎంతో ఉపయోగపడింది' అని అప్పటికే టైపు కొట్టి ఉంది. కింద చుక్కల గీత. ఆ గీత మీద నా పేరు పడితే చాలు.

'యాప్ ఏదిరా, చూపించు' అన్నాను.

'ఇంకా చెయ్యలేదు మామా. కోడింగ్ వచ్చే వారం.'

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. వీళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. సోమలింగానికి పదో తరగతి మార్కుల మెమో కూడా తెచ్చేశారు!

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. పిల్లల మీద అనుకునేరు. పిల్లలకు ఈ విద్య నేర్పిన పెద్దల మీద.

పుస్తకం తిరగేశాను. నాలుగో అధ్యాయం పేరు 'స్టేక్‌హోల్డర్ కమ్యూనికేషన్ ప్లాన్'. వినగానే లేచి నిలబడి నమస్కారం పెట్టాలనిపించే పేరు. తీరా విప్పి చూస్తే లోపలున్నది గుప్పెడు సంగతి. మనం చేసే పని వల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు, ఎవరు డబ్బిస్తారు, ఎవరు అడ్డం పడతారు అని ముందు రాసుకోవాలి. వాళ్లలో ఎవరికి ఏ సంగతి, ఎప్పుడు, ఏ దారిన, ఎవరు చెప్పాలో రాసుకోవాలి. వాళ్లు చెప్పింది వినాలి. విన్నదాన్ని బట్టి పని మార్చుకోవాలి. మా ఊళ్లో దీన్ని ఒక్క ముక్కలో అడుగుతారు: 'సంబంధించినోళ్లకు చెప్పినారా?' ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?

మా వాళ్ల ప్లాన్‌లో రంగురంగుల పట్టిక ఉంది. రెండో వరుసలో 'మున్సిపల్ వార్డు కౌన్సిలర్లు: నెలకోసారి సమావేశం' అని ఉంది.

నాయనా, మణుగూరులో కౌన్సిలర్లు ఎక్కడున్నారు? 2020 జనవరిలో రాష్ట్రమంతటా మున్సిపల్ ఎన్నికలు జరిగాయి. మణుగూరు, పాల్వంచ, మందమర్రి మాత్రం ఆ జాబితాలో లేవు. ఏజెన్సీ చట్టాల చిక్కులు, కోర్టు కేసుల చిక్కులు. పేరుకు పురపాలక సంఘం. ఓటేసి ఎన్నుకున్న పాలకవర్గం సున్నా. ఆ లేని కౌన్సిలర్లతో మా వాళ్లు నాలుగు సమావేశాలు జరిపారు. తేదీలు కూడా వేశారు. టీ, బిస్కెట్లు ఎవరు తిన్నారో మరి!

కింది వరుసలో 'కౌంటీ షెరీఫ్: వారానికోసారి ఈమెయిల్'. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. షెరీఫే. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టినప్పుడు మాకు కలెక్టరు వచ్చారు, ఎస్పీ వచ్చారు. షెరీఫ్ ఎప్పుడొచ్చాడు? గుర్రమెక్కి వచ్చాడా, మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చాడా?

'ఈయనెవరురా?'

'టెంప్లేట్‌లో ఉన్నాడు మామా' అన్నాడు మా వాడు తల గోక్కుంటూ.

అమెరికా నుంచి దించిన పట్టిక. ఊరి పేరు మార్చారు. షెరీఫ్‌ని తీసెయ్యడం మరిచారు. టెంప్లేట్‌లో ఉన్నవాడు ఊళ్లో లేడు, ఊళ్లో ఉన్నవాడు టెంప్లేట్‌లో లేడు. కాదు కాదు, ఉన్నాడు. అన్నింటికంటే అడుగున, చిన్న అక్షరాల్లో. 'స్థానిక ప్రజలు: అవసరాన్ని బట్టి.'

ఎవరి అవసరాన్ని బట్టి?

పక్క పేజీలో నాలుగు గడుల బొమ్మ. పవర్ ఇంటరెస్ట్ గ్రిడ్ అంటారట. మెండెలో అనే పండితుడి పేరు మీద మేనేజ్‌మెంటు చదువుల్లో చలామణీలో ఉంది. అధికారమూ ఆసక్తీ రెండూ ఉన్నవాళ్లను దగ్గరుండి చూసుకోవాలి. అధికారం ఉండి ఆసక్తి లేనివాళ్లను నొప్పించకుండా ఉంచాలి. రెండూ లేనివాళ్ల మీద ఓ కన్నేసి ఉంచితే చాలు. అధికారం లేకుండా ఆసక్తి మాత్రమే ఉన్నవాళ్లకు సమాచారం ఇస్తే సరిపోతుంది.

మా వాళ్లు మొదటి గడిలో గైడ్‌ని, హెచ్‌ఓడీని కూర్చోబెట్టారు. ముంపు గ్రామాల జనాన్ని 'సమాచారం ఇస్తే సరిపోయే' గడిలోకి తోశారు. నెత్తిన బియ్యం మూట, చంకలో మేకపిల్ల, మొలలోతు నీళ్లు, పడవ కోసం ఎదురుచూపు. దాని పేరు 'ఆసక్తి' అట! ఏసీ గదిలో కూర్చుని మార్కులు వేసేవాడిది 'అధికారం' అట! పిల్లలు తప్పు రాశారని ఎలా అనను? దేశం నడుస్తున్న తీరును ఉన్నదున్నట్టు నాలుగు గడుల్లో గీసి చూపించారు.

అసలు ఈ గ్రిడ్ మనకు కొత్తా? మన ఇళ్లలో పెళ్లి పిలుపులు చూడండి. ఎవరికి కార్డు పంపితే చాలు, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎవరి గడపకు ఆలుమగలు కలిసి వెళ్లి బొట్టు పెట్టి చెప్పాలి అన్నది ఇంటి పెద్దామెకు నోటికి వచ్చు. మేనమామను రెండో రోజు పిలిస్తే ఏమవుతుందో తెలుసు. అలిగిన పెదనాన్న దగ్గరకు ముందు ఎవర్ని పంపాలో తెలుసు. 'కార్డు వేశాం కదా' అంటే ఎవరైనా ఊరుకుంటారా? 'బొట్టు పెట్టలేదు, మేం రాం' అని తలుపేసుకుంటారు.

మా అక్క పెద్దకూతురి పెళ్లికి నాలుగు వందల గడపలు తిరిగింది. ఒక్క పేరు తప్పలేదు. ఎవరింట్లో ఎవరేమన్నారో వచ్చి పూసగుచ్చినట్టు చెప్పింది. 'వాళ్లింట్లో ముసలాయనకు షుగరు, భోజనాలు తొందరగా పెట్టాలి' అని వంటవాళ్లకు ముహూర్తానికి వారం ముందే చెప్పింది. అంటే పిలిచింది, విన్నది, విన్నదాన్ని బట్టి వంట మార్చింది. ఆమె చదివింది ఏడో తరగతి. ఆమె కొడుకే ఈ ప్రాజెక్టు కర్త. నాలుగేళ్ల బీటెక్ చదివి నాలుగు గడపలు తొక్కలేకపోయాడు. డిగ్రీ ఎవరికివ్వాలి?

2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ పెద్దలు కూర్చుని అజైల్ మ్యానిఫెస్టో రాశారు. పని చేసేవాళ్లకు సంగతి చేరాలంటే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడాన్ని మించిన దారి లేదన్నది దాని సూత్రాల్లో ఒకటి. ప్రపంచం చప్పట్లు కొట్టింది. మా అక్కకు యూటా ఎక్కడుందో తెలియదు. కుంకుమ భరిణె ఎక్కడుందో తెలుసు.

సరే, ఊరిని కాసేపు పక్కన పెడదాం. ఈ నలుగురైనా తమలో తాము మాట్లాడుకున్నారా? 'గోదారి గ్యాంగ్' అని వాట్సాప్ గ్రూపు. మూడు నెలల ముచ్చట్లు చూపించమన్నాను. శుభోదయం బొమ్మలు, క్రికెట్ స్కోర్లు, పుట్టినరోజు కేకులు. మధ్యలో ఎప్పుడో ఒకడు 'బ్రో, స్టేటస్?' అంటాడు. 'డూయింగ్ బ్రో' అని ఇద్దరు జవాబిస్తారు. ఏం డూయింగ్? అడిగినవాడికీ అక్కర్లేదు, చెప్పినవాడికీ తెలియదు. వచ్చే వారం మొదలయ్యే కోడింగ్ అంతా చెయ్యాల్సింది ఒక్క అమ్మాయేనట. పుస్తకం అట్ట మీద ఆమె పేరు నాలుగో వరుసలో ఉంది. టీమ్ లీడర్ మా వాడు. ఎందుకయ్యా అంటే, వాడి గదిలో ప్రింటర్ ఉంది!

నలుగురు కలిసి మోసే పని మన ఊళ్లలో ఒకటుంది. అక్కడైనా నాలుగు భుజాలూ ఆనతాయి.

ఇక గైడ్‌గారి రిజిస్టరు. పదహారు వారాల సమీక్షలకు పదహారు సంతకాలు. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే విడతలో. మూడో వారం సమీక్ష తేదీ ఆదివారం. ఏడో వారం సమీక్ష సరిగ్గా సంక్రాంతి నాడు. పిండివంటలు వదిలేసి ప్రాజెక్టు చూశారన్నమాట. ఏమి దీక్ష! ఏమి త్యాగం! మరి చెయ్యని యాప్‌కు నా సంతకం అడిగిన మా వాడు తప్పు చేశాడా? జరగని సమీక్షలకు గురువు పదహారు పెట్టాడు. శిష్యుడు పదిహేడోది నన్ను పెట్టమన్నాడు.

ఒక్క గైడ్‌ని తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. ఆయన నెత్తిన పదకొండు జట్లున్నాయట. రోజుకు నాలుగు క్లాసులు. జీతం రెండు నెలల బాకీ. ప్రాజెక్టు సమీక్షలు ఎలా జరగాలో, జరుగుతాయో లేదో ఆయనను ఎవరైనా అడిగారా? ఆ కాలేజీ ప్లాన్‌లో ఆయన కూడా అడుగు వరుసలోనే ఉన్నాడు. 'అవసరాన్ని బట్టి.'

ఇంత శ్రమ కూడా దండగనుకునేవాళ్లకు అమీర్‌పేట ఉండనే ఉంది. మైత్రీవనం చుట్టుపక్కల అడగండి. కోడు, డాక్యుమెంటు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు. భోజనం పార్సిల్ కట్టినట్టు కట్టిస్తారు. సాంబారు విడిగా.

ప్రభుత్వం ఊరుకుందా? పథకాలకేం కొదవ! 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ మొదలుపెట్టారు. కాలేజీలు కనీసం ఐదేసి గ్రామాలు దత్తత తీసుకోవాలి. ఊళ్లలో తిరగాలి. కష్టమేమిటో అడగాలి. చదువుతో దానికో దారి చూపాలి. ఎంత గొప్ప మాట! మరి ఏదైనా దత్తత ఊరికి వెళ్లి 'మీ పెంపుడు తల్లి ఏ కాలేజీ?' అని అడిగి చూడండి. ఎంతమంది చెప్పగలరు? పంచాయతీ ఆఫీసు ముందు ఫ్లెక్సీ, ఫ్లెక్సీ ముందు ఫొటో, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రానికి తిరుగు బస్సు. దత్తత పూర్తి. పెంపకం ఎప్పుడు?

2017 నుంచి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ కూడా జరుగుతోంది. జట్టుకు ఆరుగురు. అందులో ఒక్కరైనా అమ్మాయి ఉండాలి. సాఫ్ట్‌వేర్ పోటీ ఏకధాటిగా 36 గంటలు. చాలామంచిది. 36 గంటలు కన్ను మూయకుండా కోడ్ రాయగల మన పిల్లలకు, 36 నిమిషాలు ఒక అరుగు మీద కూర్చుని ఎదుటివాడి మాట వినడం ఎవరు నేర్పుతారు? దానికి కప్పు ఉందా? కనీసం సర్టిఫికెట్టయినా ఉందా?

పిల్లలు పెద్దల్ని చూసే నేర్చుకుంటారు. పెద్దలేమో మా మణుగూరు చుట్టూనే బడి పెట్టారు.

మొదటి పాఠం భద్రాద్రి థర్మల్ కేంద్రం. 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 1080. శంకుస్థాపన 2015 మార్చిలో. పర్యావరణ అనుమతి 2017లో. అనుమతి లేకుండానే పనులు మొదలెట్టారని మానవ హక్కుల వేదిక జాతీయ హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కితే, ఆపమని ట్రిబ్యునల్ చెప్పాల్సి వచ్చింది. ముందు బాజాలు, తర్వాత పెళ్లిచూపులు! పిల్లనిచ్చేవాళ్లను అడగడం ఎప్పుడు? తీరిక దొరికినప్పుడు.

రాతకేం తక్కువ లేదు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ చదవండి. ముచ్చటేస్తుంది. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి. పత్రికలు చేరని చోట డప్పు కొట్టించి చాటింపు వేయించాలి. సభ చివర ఎవరేమన్నారో స్థానిక భాషలో చదివి వినిపించాలి. చూశారా, బొట్టు పెట్టి పిలవడం ఢిల్లీకి కూడా తెలుసు! అదే నోటిఫికేషన్‌లో ఇంకో ముక్క కూడా ఉంది. సభ మొదలుపెట్టడానికి కోరం అక్కర్లేదు. పెళ్లికి చుట్టాలు రాకపోయినా తాళి కట్టేయొచ్చు. మన సభల్లో ఏ ముక్క అమలవుతుందో నన్నడుగుతారేం? శామియానా కింద ముందు వరుస కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో, వెనక లాఠీలతో ఎందరు నిలబడతారో మీరు చూడలేదా?

రెండో పాఠం బొగ్గు. సింగరేణిలో రాష్ట్రం వాటా 51 శాతం, కేంద్రం వాటా 49 శాతం. కూడండి. సరిగ్గా వంద. మరి ఓపెన్‌కాస్టు గని పక్కన ఇంట్లో అన్నంలో దుమ్ము కలుపుకుని తినేవాడికి ఎంత మిగిలింది? లెక్కలో తప్పేమీ లేదు. బొగ్గులో వాటా సున్నా. దుమ్ములో వాటా నూటికి నూరు.

మూడో పాఠం రాష్ట్రమంతటికీ: ధరణి భూముల పోర్టల్. 2020 అక్టోబరు 29న వచ్చింది. రైతు కోసమే అన్నారు. పాసుపుస్తకంలో తన పేరు తప్పు పడితే ఏ మాడ్యూల్ నొక్కాలో ఆ రైతుకే తెలియలేదు. తిరగ్గా తిరగ్గా, గాయత్రీ మంత్రం రానివాడికి కూడా 'టీఎం-33' నోటికొచ్చింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారింది. మీసేవ ముందు బెంచీ మీద కూర్చున్న మనిషి మారాడా?

నాలుగో పాఠం దగ్గర నవ్వకండి. 2019 ఏప్రిల్, ఇంటర్ ఫలితాలు. తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి మెమోలో 0 పడింది. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. త్రిసభ్య కమిటీ వేశారు. లోపాలున్నాయని కమిటీ తేల్చింది. జవాబు పత్రాలు మళ్లీ లెక్కించారు. ఆ ఫలితాల ప్లాన్‌లో విద్యార్థి ఏ గడిలో ఉన్నాడు? ఒక్కసారి ఆలోచించండి. అదే ఇంటర్ దాటి వచ్చిన పిల్లలే ఇవాళ బీటెక్ పట్టాలతో తిరుగుతున్నారు. 'సంబంధించినోళ్లను అడగాలి' అనుకుని వాళ్లను ఎవరైనా ఎప్పుడైనా అడిగితే కదా, వాళ్లు ఇంకొకర్ని అడగడానికి!

మరి చెప్పడం చేతనైనవాళ్లు మా వైపు లేనే లేరా? ఉన్నారు. అదే గోదారి గట్టు మీద ఉన్నారు. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది. మూడంటే మూడంకెలు. బడి గడప తొక్కని ముసలమ్మకు కూడా వాటి అర్థం తెలుసు. '48 అయిందట' అంటే చాలు, బియ్యం అటక ఎక్కుతాయి. ఏటేటా అదే మాట, అదే అర్థం. గనుల్లో బ్లాస్టింగ్‌కి ముందు సైరన్ మోగుతుంది. దానికి యూజర్ మాన్యువల్ ఎవడైనా చదివాడా? మోగితే దూరం జరగాలి, అంతే. ఊళ్లో డప్పు మోగితే చెంబు కింద పెట్టి మరీ బయటికొస్తారు. తెలుసుకున్నవాడు ఏం చెయ్యాలో తెలిసేలా చెప్పారు కాబట్టి ఇవి పని చేస్తాయి.

'ఇవే యాప్‌లో పెడుతున్నాం మామా' అని మా వాడు ఛాతీ విరిచాడు. 'భద్రాచలం కొలత చూసి నోటిఫికేషన్ పంపుతాం.'

'అయితే పదండి, సంబంధించినోళ్లను అడిగొద్దాం' అన్నాను. పుస్తకం ఇంట్లో పెట్టించి, నలుగుర్నీ బండ్లెక్కించి గోదారి ఒడ్డు ఊరికి తీసుకెళ్లాను.

ఒక ఇంటి ముందు ఆగాం. గోడకు సున్నం వేసి ఎన్నాళ్లో కాలేదు. అయినా కిటికీ పైన బురద గీత లోపలినుంచి తేలుతోంది. 2022 జులై 16 నాటి గీత. ఆ రోజు భద్రాచలంలో 71.3 అడుగులు. 1986 నాటి 75.6 తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే. గీత కింద ఒకామె కూర్చుని తునికాకు కట్టలు కడుతోంది. కట్టకు యాభై ఆకులు. నోరు మాట్లాడుతున్నా వేళ్లు లెక్క తప్పడం లేదు.

మా వాడు ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మలు చూపించాడు. 'అమ్మా, భద్రాచలంలో 43 దాటంగనే మీ ఫోన్‌కి వస్తది.'

ఆమె తెర వైపు ఒకసారి చూసింది. 'నీళ్లు ఎటునుంచి ఎటు పోతయి బాబూ?'

'ఏటూరునాగారం దిక్కు నుంచి... భద్రాచలం దిక్కు.'

'మరి మా ఊరు దాటినంకనే గదా భద్రాచలం పోయేది? ఆడి లెక్క చూసి మాకు చెప్తే, దొంగలు పడి పోయినంక కుక్క మొరిగినట్టు గాదా?'

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాలుగో వరుస అమ్మాయి మాత్రం సంచిలోంచి నోటుబుక్ తీసింది.

ఆమె ఆగలేదు. 'పెద్ద ఫోను మా ఆయన పట్టుకొని షిఫ్టుకి పోతడు. నాకాడ ఉన్నది బటన్ ఫోను. దీంట్ల వస్తదా?'

'రాదమ్మా.'

'నీళ్లకంటె ముందు కరెంటు పోతది. తెల్లారేసరికి టవరు పోతది. అప్పుడెట్ల?'

జవాబు లేదు.

'మా అత్తకు కోయ మాటే గాని తెలుగు అంతంత మాత్రం. ఇంగ్లీషుల టింగుమంటే ఆమెకేం తెలుస్తది?'

జవాబు లేదు.

కట్టకు నార బిగించి పక్కన పడేసింది. 'ఇంకోటి చెప్త ఇను. గోదారి ఇంట్లకు రాకముందే వాగు ఎనక్కి తంతది. బాట తెగుతది. తెగినంక ట్రాక్టరు రాదు, ఆటో రాదు. ఇల్లు ఎప్పుడు మునుగుతదో మాకు మీరు చెప్పుడెందుకు, కండ్ల ముందే కనబడుతది. బాట ఎప్పుడు తెగుతదో చెప్పుర్రి. అది చెప్తే పిల్లల్ని పట్టుకొని ముందే ఎల్లిపోతం.'

పావుగంట. అయిదు ప్రశ్నలు. తొంభై పేజీల స్పైరల్ బైండింగు నిలువునా ఊడిపోయింది. పవర్ ఇంటరెస్ట్ గ్రిడ్‌లో అధికారం లేని గడిలో పారేసిన మనిషి, మొత్తం ప్రాజెక్టు డిజైన్‌ని తునికాకు కట్టలు కడుతూ సరిదిద్దింది. ఇందుకు ఏ కన్సల్టెంటుకైనా ఎంత ఫీజు కట్టేవాళ్లు?

తిరుగుదారిలో ఆ అమ్మాయి అంది: 'ఎగువన ఉన్న పేరూరు, ఏటూరునాగారం కొలతలు తీసుకోవాలి అంకుల్. యాప్ కాదు, బటన్ ఫోన్‌కి కాల్ వెళ్లాలి. కోయలో రికార్డు చేసిన మాట. వాగు వంతెన మీద అడుగుల గుర్తులు వేయించి, ఎవరో ఒకరు చూసి చెప్పేలా చేయాలి.' మూడు నెలల గ్రూపు ముచ్చట్లలో దొరకని పనికొచ్చే మాటలు, మూడు కిలోమీటర్లలో దొరికాయి.

యూనివర్సిటీ పెద్దలూ, కాలేజీ యజమానులూ, ఏలినవారూ! మీకు చేతనైతే ఆ రంగుల పట్టిక తీసేయండి. దాని బదులు అయిదు ప్రశ్నలు పెట్టండి. ఎవర్ని కలిశారు? ఏమన్నారు? దాన్ని బట్టి ఏం మార్చారు? మార్చింది మళ్లీ తీసుకెళ్లి చూపించారా? చూసి వాళ్లేమన్నారు? మార్కులు వీటికి వెయ్యండి. 'అడిగాం, మీ యాప్ మాకొద్దన్నారు, మానేశాం' అని నిజం రాసిన జట్టుకు మొదటి బహుమతి ఇవ్వండి. 'అందరూ అద్భుతమన్నారు' అని రాసిన జట్టును మళ్లీ ఊరికి పంపండి. బస్సు చార్జీ ఇచ్చి పంపండి. మీ ఫ్లెక్సీ ఖర్చులో అది ఎన్నో వంతు?

అన్నట్టు, ఫలితం చెప్పలేదు కదూ. మే నెలలో ఆఖరి సమీక్ష జరిగింది. మా వాళ్లు షెరీఫ్‌ని తీసేశారు. కౌన్సిలర్లను తీసేశారు. గ్రిడ్ తీసేసి, ఆమె అడిగిన అయిదు ప్రశ్నలు, వాటికి తాము మార్చిన పనులు పెట్టారు. అట్ట మీద ఆ అమ్మాయి పేరు మొదటి వరుసకొచ్చింది. కమిటీ పెద్దాయన పేజీలు తిప్పి అడిగాడట: 'గ్రిడ్ ఏది? ఫార్మాట్‌లో ఉంది కదా?' రెండు మార్కులు కోత. అభిప్రాయ పత్రాలు పది ఉండాలి, ఒక్కటే ఉంది. ఇంకో మూడు కోత.

ఆ ఒక్క పత్రం నాదే. టైపు కొట్టిన మూడు వాక్యాలూ అడ్డంగా కొట్టేసి, కింద 'యాప్ ఇంకా చూడలేదు' అని రాసి సంతకం పెట్టాను. ఆ పుస్తకంలోని సంతకాల్లో నిజమైనది అదొక్కటే. అది చెల్లదన్నారు.

ఒక సంగతి దాచాను. ఆ రోజు మేం బండ్లెక్కుతుంటే ఆమె ఆకుల మీంచి తల ఎత్తకుండానే అడిగింది: 'మళ్ల ఎప్పుడొస్తరు?'

మా వాళ్ల పట్టికలో ఆ ప్రశ్నకు ఒక గడి ఉంది. అందులో 'అవసరాన్ని బట్టి' అని రాసి ఉంది. ఆ ముక్క ఆమెకు పైకి చెప్పే ధైర్యం నలుగురిలో ఒక్కరికీ రాలేదు.